రబ్బరు తిరగలి

మన ఇళ్ళలోకి డన్‌లప్ అనే మాట పరుపుతో వచ్చింది. బూరుగుదూది పరుపులూ, ఏడాదికోసారి దూదేకులవాళ్ళని పిలిచి ఏకించుకోవడాలూ వెనకబడి, “అల్లుడికి డన్‌లప్ పరుపు పెట్టారట” అని వీధిలో చెప్పుకునే రోజులు మా తరం వాళ్ళకి బాగానే గుర్తుంటాయి. పల్లెటూళ్ళలో ఎద్దుబండికి ఇనపపట్టా చక్రాలు పోయి గాలి టైర్లు వచ్చాయి. అప్పట్నించీ అది “టైరు బండి”. అరిగిపోయిన టైరు కూడా ఊరికే పోయేది కాదు. చెప్పులయ్యేది, బావి దగ్గర చేద అయ్యేది, మరీ పనికిరాకపోతే పిల్లలు కర్రతో తోలుకుపోయే ఆటబండి అయ్యేది. ఇన్ని విధాలుగా మన బతుకుల్లోకి దొర్లుకుంటూ వచ్చిన ఆ వస్తువుకి పుట్టిల్లు, ఇప్పుడు మనం ఇళ్ళు కొనుక్కుని, పిల్లల్ని బడికి పంపుతూ, వానని తిట్టుకుంటూ కాపురముంటున్న ఈ ఐర్లండ్ ద్వీపమే అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

నాకు తెలియడానికి కారణం నా ఉద్యోగం. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు, తింటున్నది సాఫ్ట్‌వేర్ తిండి. అయితే డబ్లిన్‌లో మనవాళ్ళు ఎక్కువమంది చేసే బ్యాంకుల, ఇన్సూరెన్సుల సాఫ్ట్‌వేర్ కాదు. పాత టైర్లని నలిపి పొడిచేసే యంత్రాలు ఎప్పుడు కదలాలో, ఎంత వేగంతో తిరగాలో, ముఖ్యంగా ఎప్పుడు ఆగాలో చెప్పే ప్రోగ్రాములు రాస్తాను. ఉగాది ఫంక్షన్లో ఎవరైనా “మీరేం చేస్తుంటారండీ?” అని అడిగితే “టైర్ల పిండిమర” అంటాను. సగంమంది జోకనుకుంటారు. ఈ పిండిమర వెనక చరిత్ర ఏమిటా అని వెతుక్కుంటూ పోతే అది నన్ను కాంగో అడవులకీ, మలయా తోటలకీ, అక్కడికి ఓడెక్కి వెళ్ళిన మన గోదావరి, విశాఖ జిల్లాల కూలీల దగ్గరికీ తీసుకుపోయి, తిరిగి కార్క్ పట్టణంలో దింపింది. ఆ దారినే మీకు చెబుదామని ఈ ప్రయత్నం.

జాన్ బాయిడ్ డన్‌లప్ 1840లో స్కాట్లండ్‌లో పుట్టాడు. వృత్తి పశువైద్యం. బెల్‌ఫాస్ట్ వచ్చి ప్రాక్టీసు పెట్టి బాగానే సంపాదించాడు. (అప్పటికి ద్వీపమంతా ఒకటే, బ్రిటిష్ పాలన కింద. ఉత్తరం, దక్షిణం అన్న పంపకం 1921 నాటి మాట.) ఆయన చిన్న కొడుక్కి ఒక మూడు చక్రాల సైకిలుండేది. ఆ రోజుల్లో సైకిలు చక్రానికి గట్టి రబ్బరు పట్టీ ఉండేది, రాళ్ళు పరిచిన వీధుల్లో తొక్కితే ఎముకలు కదిలిపోయేవి. 1887లో డన్‌లప్ పల్చటి రబ్బరు రేకుతో గొట్టం చేసి, దానిమీద గుడ్డ చుట్టి, చెక్క చక్రానికి బిగించి గాలి కొట్టి చూశాడు. మరుసటి ఏడాది పేటెంటు తీసుకున్నాడు. 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ మైదానంలో జరిగిన సైకిలు పందాల్లో విలియం హ్యూమ్ అనే ఆయన ఈ ఉబ్బిన చక్రాలతో దిగితే జనం నవ్వారట. ఆయన పందాలన్నీ గెలిచాక నవ్వు ఆగింది.

ఆ రోజు ఓడిపోయినవాళ్ళలో డబ్లిన్ వ్యాపారి హార్వీ డ్యూ క్రోస్ కొడుకులున్నారు. కొడుకులు ఓడితే తండ్రి చక్రం కొనడానికి వెళ్ళాడు, అదీ వ్యాపారి బుద్ధి. ఆ ఏడాదే డబ్లిన్‌లో కంపెనీ పెట్టారు. అప్పర్ స్టీఫెన్ స్ట్రీట్‌లో, అంటే మనం ఆదివారాలు షాపింగుకి తిరిగే గ్రాఫ్టన్ స్ట్రీట్‌కి నాలుగడుగుల దూరంలో, గాలి టైర్ల తయారీ మొదలైంది. కొన్నాళ్ళకి రబ్బరు, నాఫ్తా వాసన భరించలేకపోతున్నామని గొడవ లేచింది. కార్పొరేషన్ వెంటపడింది. తయారీ ఇంగ్లండ్‌లోని కోవెంట్రీకి తరలిపోయింది. గాలి టైరు ఆలోచన రాబర్ట్ థామ్సన్ అనే మరో స్కాట్లండ్ ఆయన 1845లోనే పేటెంటు చేసేశాడని తేలి డన్‌లప్ పేటెంటు కూడా చెల్లకుండా పోయింది. కంపెనీ లాభాలు కోట్లకు ఎదిగేనాటికి డన్‌లప్ అందులో లేడు, పేరు మాత్రం మిగిలింది. ఆయన 1921 అక్టోబరులో డబ్లిన్‌లో పోయాడు. సమాధి డీన్స్‌గ్రేంజ్ శ్మశానంలో ఉంది.

ఇంతవరకూ ఇది పాఠ్యపుస్తకాల్లో రాసుకునే ముచ్చటైన కథ. చెప్పకుండా దాటేసేది తరవాతి భాగం. 1890లలో సైకిళ్ళ వెర్రి ప్రపంచమంతా పాకింది. ప్రతి చక్రానికీ రబ్బరు కావాలి. ఆసియాలో పెంచిన తోటలు అప్పటికింకా పాలకి రాలేదు. అమెజాన్ అడవుల్లోనో, ఆఫ్రికా అడవుల్లోనో తీగలనీ చెట్లనీ కోసి పాలు తియ్యాలి. కాంగో అంతా బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఉండేది. ఊరికింత రబ్బరు తేవాలని లెక్క కట్టారు. తేలేని ఊళ్ళమీదికి సిపాయిల్ని పంపారు. ప్రతి తూటాకీ లెక్క చెప్పాలి గనక, తూటా వృథా చెయ్యలేదని రుజువుకి సిపాయిలు నరికిన కుడిచేతులు బుట్టల్లో తెచ్చి చూపించేవారు. బతికున్నవాళ్ళ చేతులు కూడా.

ఈ సంగతి లోకానికి అధికారికంగా చెప్పినవాడు కూడా డబ్లిన్ వాడే. రోజర్ కేస్‌మెంట్ 1864లో శాండీకోవ్‌లో పుట్టాడు. బ్రిటిష్ కాన్సల్‌గా 1903లో కాంగో నది మీద పైకి ప్రయాణం చేసి, మనుషుల నోట విన్నది విన్నట్టు రాసి పంపాడు. 1904లో నివేదిక బయటకొచ్చింది. ఆ ఒత్తిడి పెరిగి పెరిగి 1908లో కాంగో రాజుగారి చేతిలోంచి పోయింది. తరవాత పెరూలోని పుటుమాయో అడవుల్లో కూడా రబ్బరు కోసం ఇలాంటి ఘోరాలే జరుగుతుంటే వెళ్ళి రాశాడు. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదిచ్చింది, 1916లో ఐరిష్ తిరుగుబాటుకి ఆయుధాలు తేబోయాడని అదే ప్రభుత్వం ఉరితీసింది. 1965లో అస్థికలు డబ్లిన్ తెచ్చి గ్లాస్‌నెవిన్‌లో ప్రభుత్వ లాంఛనాలతో పూడ్చారు. డన్‌ లీరీ సముద్రపు ఒడ్డున 2021లో విగ్రహం నిలబెట్టారు. మనవాళ్ళు చాలామంది అక్కడ ఐస్‌క్రీం తింటూ ఆ విగ్రహం పక్కన ఫొటో దిగే ఉంటారు. ఐర్లండ్ ఆయన్ని స్వాతంత్ర్యయోధుడిగా తలుచుకుంటుంది, న్యాయమే. కానీ నా వృత్తికి సంబంధించినంతవరకూ ఆయన, సరుకు ఎక్కణ్ణించి వస్తోందో చూడటానికి నదికి ఎదురీదిన మొదటి మనిషి.

మన కథ ఇక్కణ్ణించి. 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి సుమారు 70,000 రబ్బరు గింజలు లండన్ క్యూ తోటకి తరలించాడు. మొలిచినవి కొద్ది వేలే. వాటినుంచి సిలోనుకీ, సింగపూరుకీ మొక్కలు చేరి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మోటారుకార్లు వచ్చేసరికి మలయా కొండలన్నీ రబ్బరు తోటలయ్యాయి. 1910 నుంచి డన్‌లప్ కంపెనీ కూడా అక్కడ సొంత తోటలు కొంది. కూలీలు కావాలి. కంగాణీ అనేవాడు ఊరికొచ్చి, ముందు కొంత డబ్బిచ్చి, ఓడెక్కించి తీసుకుపోయేవాడు. వెళ్ళినవాళ్ళలో తమిళులు ఎక్కువ, వారి తరవాత తెలుగువాళ్ళు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచీ, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచీ వెళ్ళారు.

పని తెల్లవారకముందే మొదలు. ఎండెక్కితే పాలు కారడం తగ్గిపోతుంది. చెట్టు బెరడు మీద ఏటవాలుగా, సన్నటి గాటు, లోపలి కండ తగలకుండా పెట్టాలి. ఒక్క మిల్లీమీటరు లోతైతే చెట్టు పాడవుతుంది, తక్కువైతే పాలు రావు. గాటు కింద చిప్ప కట్టి, వందల చెట్లు తిరిగి, మళ్ళీ మొదటికొచ్చి పాలు పోగుచెయ్యాలి. ఆ పాలలో ఆమ్లం కలిపితే పెరుగు తోడుకున్నట్టు తోడుకుంటుంది. దాన్ని రోలర్లలో వేసి రేకులుగా నొక్కి, పొగబెట్టి ఎండేస్తారు. ఈ రేకులే ఓడలెక్కి యూరపు, అమెరికా ఫ్యాక్టరీలకి వెళ్ళేవి. ఏ కూలీ గీసిన పాలు ఏ దేశపు టైరులోకి వెళ్ళాయో చెప్పే లెక్క ఎక్కడా లేదు. 1938లో భారత ప్రభుత్వం మలయాకి కూలీల ఎగుమతిని ఆపింది. 1942లో జపాను మలయాని ఆక్రమించాక తోటల్లోంచి తమిళుల్నీ తెలుగువాళ్ళనీ సయాం–బర్మా రైలుమార్గం పనికి పట్టుకుపోయారు. చాలామంది తిరిగి రాలేదు. ఉన్నవాళ్ళు నిలదొక్కుకుని 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, అదే ఇప్పటి మలేషియా తెలుగు సంఘం. నాలుగైదు తరాలైనా పిల్లలకి తెలుగు నేర్పుకుంటున్నారు. విమానమెక్కి వచ్చి, రెండో తరానికే “మా వాడికి అర్థమవుతుందండీ, మాట్లాడడు” అనే మనం వాళ్ళని ఓసారి తలుచుకోవాలి.

అదే యుద్ధకాలంలో ఐర్లండ్‌లోనూ రబ్బరు కరువొచ్చింది. ఇక్కడ ఆ కాలాన్ని “ఎమర్జెన్సీ” అంటారు. మనకి ఆ మాట వినగానే 1975 గుర్తొస్తుంది గాని ఇది వేరు. టైర్లు లేవు, పెట్రోలు లేదు, 1943 నాటికి సొంత కార్లు రోడ్డెక్కడం దాదాపు ఆగిపోయింది. అమెరికాలో 1942 జూన్‌లో రూజ్‌వెల్ట్ రేడియోలో మాట్లాడి, పాత రబ్బరు ఏదున్నా పెట్రోలు బంకుల్లో ఇచ్చెయ్యమని, పౌనుకి ఒక సెంటు ఇస్తామని ప్రకటించాడు. మలయా చేజారగానే పాత టైరు విలువ అందరికీ తెలిసొచ్చింది.

పాత రబ్బరుని మళ్ళీ కొత్తది చెయ్యడం ఎందుకంత కష్టం? ఇక్కడ కాస్త కెమిస్ట్రీ తప్పదు. 1820లో లండన్‌లో థామస్ హాంకాక్ అనే ఆయన, ముక్కలుగా మిగిలిపోయిన పచ్చి రబ్బరుని చిన్నచిన్న పీలికలు చేద్దామని మేకుల రోలరున్న ఒక యంత్రం కట్టాడు. తిప్పి తెరిచి చూస్తే పీలికల్లేవు. లోపల వెచ్చగా ఒకే ముద్ద ఉంది. విడగొడదామనుకున్న యంత్రం కలిపేసింది. ఆయన దాన్ని ఏళ్ళ తరబడి దాచుకున్నాడు. పనివాళ్ళు బయట నోరు జారినా ఎవరికీ అర్థం కాకుండా దానికి “పికిల్” అని పేరు పెట్టాడు. రబ్బరు పరిశ్రమకి మొదటి యంత్రం ఊరగాయ అన్నమాట. మన ఆంధ్రావాళ్ళకి అభ్యంతరం ఉండకూడదు.

పచ్చి రబ్బరుకి ఆ గుణం ఉంది, వేడికి మెత్తబడి ముద్దవుతుంది. కానీ 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి కాల్చడం కనిపెట్టాక కథ మారింది. వల్కనైజ్ అయిన రబ్బరులో ఒక్కొక్క పోగూ పక్క పోగుతో గంధకపు ముడి వేసుకుంటుంది. ఎండకి జిగురు కాదు, చలికి పగలదు, కరగదు. ఆ గుణం వల్లే టైరు సాధ్యమైంది, ఆ గుణం వల్లే పాత టైరు శాపమైంది. ఉడికిన అన్నాన్ని మళ్ళీ బియ్యం చెయ్యలేం. మహా అయితే దంచి పిండి చెయ్యగలం.

దంచడం కూడా తేలిక కాదు. వేల కిలోమీటర్లు రాళ్ళమీద దొర్లినా అరగకూడదని తయారుచేసిన వస్తువుని మనం అరిగించాలి. బరువులో సుమారు సగం రబ్బరు, మిగతాది మసి, ఉక్కు తీగ, నూలు పోగులు. పద్ధతులు రెండు. ఒకటి మామూలు వేడిలోనే కత్తులతో కోసి, రోలర్ల మధ్య చీల్చడం. రెండోది ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి సుత్తిమరలో కొట్టడం. మన ఎండుమిరపకాయలే ఉదాహరణ. మెత్తబడ్డ మిరపకాయని రోట్లో వేస్తే సాగుతుంది గాని నలగదు, కరకరలాడేలా ఎండితే రెండు దెబ్బలకి పొడి. రబ్బరు కరకరలాడాలంటే మైనస్ 60, 70 డిగ్రీల కిందికి దించాలి. ద్రవ నైట్రోజన్ మైనస్ 196లో ఉంటుంది. కానీ కిలో రబ్బరుకి అరకిలో నుంచి కిలో దాకా నైట్రోజన్ పోతుంది, ఖర్చు. అందుకని చాలాచోట్ల మొదటి పద్ధతే.

మొదటి పద్ధతిలో రోలర్ల మర పాతది. అమెరికాలో ఎడ్విన్ చాఫీ 1836లో పేటెంటు చేసిన నమూనాయే ఇప్పటికీ మూలం. రెండు బరువైన ఇనప రోలర్లు పక్కపక్కన, లోపలికి తిరుగుతాయి, ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా. ఆ వేగాల తేడాకే రబ్బరు చిరుగుతుంది. ఎదురుగా నిలబడి చేత్తో రబ్బరు అందించేవాడి వేలు దానికి అంటుకుంటే, చెయ్యి వెళ్ళిపోతుంది. రబ్బరు ఫ్యాక్టరీల్లో తరాల తరబడి ఇదే భయం. రోలర్లముందు అడ్డంగా ఒక కడ్డీ పెట్టి, మనిషి ఒళ్ళు దానికి తగలగానే మోటారు తెగి బ్రేకు పడేలా చెయ్యడం అనే చిన్న ఏర్పాటు అన్ని మరలకీ రావడానికి చాలా కాలం పట్టింది. కాంగోలో రాజు నరికించిన చేతుల్నీ, మరలో నలిగిన చేతుల్నీ ఒకే గాట కట్టడం న్యాయం కాదని నాకు తెలుసు. అయినా రబ్బరు చరిత్రలో చేతుల ప్రస్తావన ఇన్నిసార్లు రావడం నన్ను వదలదు. కాంగో పల్లెల్లోగానీ, తోట కూలీ లైన్లలోగానీ, పాత మిల్లులోగానీ, పని చేసేవాడి చేతికి పని ఆపే అధికారం లేదు.

ఆ ఆపే అధికారమే నా వృత్తికి కేంద్రం, దాని పునాది రాయి ఉన్నది కార్క్‌లో. జార్జ్ బూల్ 1849లో కార్క్ క్వీన్స్ కాలేజీకి, అంటే ఇప్పటి యు.సి.సి.కి, మొదటి గణిత ప్రొఫెసరుగా వచ్చాడు. నిజం, అబద్ధం అనే రెంటితో లెక్కలు కట్టొచ్చని 1854లో పుస్తకం రాశాడు. 1864 నవంబరు చివర్లో జడివానలో నడిచి కాలేజీకి వెళ్ళి, తడిబట్టలతో పాఠం చెప్పి, న్యుమోనియాతో డిసెంబరులో బాలింటెంపుల్‌లో చనిపోయాడు. వయసు 49. ఐర్లండ్ వాన గురించి మనం వేసుకునే జోకుల్లో దీన్ని కలపకూడదు. ఆయన భార్య మేరీ, సర్వేయర్ జనరల్ జార్జ్ ఎవరెస్ట్‌కి తమ్ముడి కూతురు. ఆ ఎవరెస్టే 1819లో మన కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ చలిజ్వరంతో మంచం పట్టాడు. హిమాలయ శిఖరానికి పేరిచ్చిన మనిషి మన దోమకి లొంగాడు.

బూల్ లెక్కలు దాదాపు ఎనభయ్యేళ్ళు పుస్తకంలోనే ఉన్నాయి. 1937లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే కుర్రవాడు తన మాస్టర్స్ థీసిస్‌లో, కరెంటు రిలేల సర్క్యూట్లని ఆ లెక్కలతోనే రాయొచ్చని చూపాడు. ఆ తరవాత 1968, 69లలో డిక్ మోర్లీ బృందం, గోడ నిండా రిలేలూ వైర్లూ ఉన్న బీరువాల బదులు మోడికాన్ 084 అనే పెట్టె తయారుచేసింది. 084 ఎందుకంటే అది వాళ్ళ 84వ ప్రాజెక్టు. అదే పి.ఎల్.సి., ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. దాని ప్రోగ్రాము నిచ్చెనలాగా మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒక మెట్టు తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: జల్లెడ తిరుగుతోంది, దుమ్ము లాగే ఫ్యాను తిరుగుతోంది, గార్డు మూసి ఉంది, ఎవరూ ఎర్ర బటన్ నొక్కలేదు, ఇవన్నీ నిజమైతేనే కత్తుల మోటారు తిరగొచ్చు. ఒక్కటి అబద్ధమైనా తిరగకూడదు. ఇది అచ్చంగా బూల్ మాట.

మర ఎలా నడుస్తుందో చూడాలంటే మన ఊరి పిండిమర గుర్తు తెచ్చుకోండి. మిల్లతను గొట్టం కింద చెయ్యి పెట్టి పిండి పట్టి చూస్తాడు. వేడెక్కితే రాళ్ళు కాస్త వదులు చేస్తాడు, లేదా గింజలు పడే వేగం తగ్గిస్తాడు. మా ప్లాంటులో ఆ చెయ్యి పని సెన్సర్లు చేస్తాయి. ముందు రెండు ఇరుసుల ష్రెడ్డర్ టైరుని అరచేయంత ముక్కలు చేస్తుంది. మోటారు లాగే కరెంటు హద్దు దాటితే అది ఆగి, రెండు మూడు సెకన్లు వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకెళుతుంది. మూడుసార్లు అలా చేసినా లొంగకపోతే ఆగిపోయి మనిషిని పిలుస్తుంది. తరవాత ముక్కలు గ్రాన్యులేటర్‌కి వెళతాయి, ఉక్కు తీగల్ని అయస్కాంతం లాగేస్తుంది, నూలు దూదిని గాలితో చెరుగుతాం, అచ్చం చాటతో చెరిగినట్టే. ఆపైన జల్లెడలు. నలిగే కొద్దీ రబ్బరు వేడెక్కుతుంది, మరీ వేడెక్కితే జిగురై జల్లెడ కన్నాలు మూసుకుపోతాయి. అందుకని మర కరెంటునీ, వేడినీ చూసుకుంటూ వెనక ఉన్న బెల్టు వేగం పెంచడం, తగ్గించడం క్షణక్షణం జరగాలి.

అన్నిటికంటే కొత్తవాళ్ళకి వింతగా ఉండేది మొదలుపెట్టే వరస. టైరు ముందు పడేది ష్రెడ్డర్లో గనక అది ముందు తిరగాలనుకుంటారు. కాదు. చివరి బెల్టు ముందు, దాని వెనకది తరవాత, ష్రెడ్డర్ అన్నిటికన్నా ఆఖర్న. లేకపోతే ముందున్నవి కదిలేలోపు వెనకనుంచి సరుకొచ్చి కుప్పపడుతుంది. ఆపేటప్పుడు తలకిందులు. పెళ్ళిపందిట్లో బంతి వేసేముందు చేతులు కడుక్కునే చోటు సిద్ధం చేసినట్టు. ఇక సన్నటి రబ్బరు దుమ్ము గాలిలో కలిస్తే నిప్పురవ్వ చాలు. ఉక్కు ముక్క కత్తికి తగిలినా రవ్వ లేస్తుంది. గొట్టంలో రవ్వ కనబడగానే నీళ్ళు చిమ్మే ఏర్పాటు ఉంటుంది. ఎర్ర బటన్‌కి మాత్రం మామూలు ప్రోగ్రాము అడ్డురాకూడదు. దాని వైరులో ఎప్పుడూ కరెంటు పారుతూనే ఉండాలి, తెగినా, ఎలక కొరికినా మర ఆగిపోవాలి.

ఒక ప్లాంటులో, పేరెందుకు, గార్డు తలుపు స్విచ్చికి ఎవరో అయస్కాంతం ముక్క టేపుతో అతికించి ఉండటం చూశాను. తలుపు తీసున్నా మూసినట్టే మరకి కనబడుతుంది. రాత్రి షిఫ్టు కుర్రవాణ్ణి అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. మర పదేపదే ఇరుక్కుంటోంది, ప్రతిసారీ పద్ధతి ప్రకారం ఆపి, తాళాలు వేసి, తీసి, మళ్ళీ మొదలుపెడితే ఇరవై నిమిషాలు, షిఫ్టు టార్గెట్ పోతుంది. యాజమాన్యం స్విచ్చి మార్చమంది. మార్చాం, కోడున్న స్విచ్చి పెట్టాం, వేరే అయస్కాంతానికి లొంగదు. కానీ అసలు జబ్బు అది కాదు. ముక్కలు బెల్టు మీద కుప్పలుగా వచ్చి ఒకేసారి పడుతున్నాయి. బెల్టు వేగం లెక్క సరిచేసి, ముక్కలు పల్చగా పడేలా చేశాక ఇరుక్కోవడం చాలావరకు తగ్గింది. చెయ్యి లోపల పెట్టాల్సిన అవసరమే లేకపోతే ఎవరూ పెట్టరు. మనిషిని అనుమానించే ముందు మరని అనుమానించాలని నా అభిప్రాయం.

ఇంత సాంకేతికత వచ్చాక ఐర్లండ్‌లో టైర్ల తయారీ మిగిలిందా అంటే లేదు. డన్‌లప్ కంపెనీ 1930లలో కార్క్ మెరీనాలో, ఫోర్డ్ ఫ్యాక్టరీ పక్కన, ఫ్యాక్టరీ పెట్టింది. బూల్ చనిపోయిన బాలింటెంపుల్ అక్కడికి దగ్గరే. 1983లో డన్‌లప్, 1984లో ఫోర్డ్ మూతబడ్డాయి. కార్క్ పాతకాపులు ఇప్పటికీ ఆ రెండేళ్ళని మనవాళ్ళు తుపాను సంవత్సరాల్ని చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. డబ్లిన్ బాలిఫర్మట్‌లో సెంపెరిట్ ఫ్యాక్టరీ 1996లో, ఉత్తరాన బాలిమీనాలో మిషెలిన్ ఫ్యాక్టరీ 2018లో మూతబడ్డాయి. మన వైపు చూస్తే సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్., చిన్నపాండూరులో 2020 నుంచి అపోలో, అచ్యుతాపురంలో 2022 నుంచి యోకొహామా. పురుడు మన వైపు, అంత్యక్రియలు ఇక్కడా అయ్యాయి.

ఆ అంత్యక్రియలకి కూడా ఐర్లండ్ ఆలస్యంగానే తయారైంది. పల్లెల్లో సైలేజ్ గడ్డి మీద నల్ల పాలిథీన్ ఎగిరిపోకుండా వందల టైర్లు పరిచి ఉండటం మీరు కారులో వెళుతూ చూసే ఉంటారు. హాలోవీన్ మంటల్లో టైర్లు వేసే అలవాటు చాలాకాలం ఉంది. యూరపు చట్టం చెత్తగుంటల్లో నిండు టైర్లు పూడ్చడాన్ని 2003 నుంచీ, ముక్కలు పూడ్చడాన్ని 2006 నుంచీ నిషేధించింది. ఇక్కడి నిబంధనలు 2008 జనవరిలో అమల్లోకొచ్చాయి. అవి గట్టిగా పనిచెయ్యకపోవడంతో 2017 అక్టోబరు నుంచి రీపాక్ ఇ.ఎల్.టి. పథకం వచ్చింది. అప్పట్నించే కారు టైరు కొంటే బిల్లులో ఒక ప్రత్యేక రుసుము కనబడుతోంది. మొదట్లో అది 2.80 యూరోలు, పైన వ్యాట్. ఎన్.సి.టి.కి ముందు గాడి 1.6 మిల్లీమీటర్లు లేదని టైర్లు మార్చి, ఆ బిల్లు చూసి విసుక్కునేవాళ్ళకి ఆ రుసుము దేనికో ఇప్పుడు తెలిసుంటుంది.

పొడి ఎక్కడికి పోతుందన్నది చివరి ప్రశ్న. పెద్ద భాగం కృత్రిమ గడ్డి మైదానాల్లోకి వెళ్ళింది. ఒక్క పెద్ద మైదానానికి సుమారు 100 టన్నులు. మన పిల్లలు ఫుట్‌బాల్ ఆడొస్తే సాక్సుల్లోంచి, బూట్లలోంచి, ఆఖరికి వాషింగ్ మెషీన్లోంచి రాలే నల్ల గింజలు అవే. “పిల్లలకి ప్రమాదం కాదా?” అని నన్ను చాలామంది తల్లులు అడిగారు. యూరపు రసాయనాల సంస్థ 2017లో పరిశీలించి ఆందోళన చాలా తక్కువ స్థాయిదే అంది. ఆ గింజల్లో ఉండదగిన పి.ఎ.హెచ్. రసాయనాలకి 2022 ఆగస్టు నుంచి కిలోకి 20 మిల్లీగ్రాముల హద్దు పెట్టారు. పిల్లల ఆరోగ్యం సంగతి అలా ఉంచితే, ఆ గింజలు వానకి కొట్టుకుపోయి వాగుల్లో, సముద్రంలో కలవడం పెద్ద సమస్య. 2023 సెప్టెంబరులో యూరపు కమిషన్ సూక్ష్మ ప్లాస్టిక్‌ల నిబంధన తెచ్చింది. 2031 అక్టోబరు 17 తరవాత మైదానాలకి ఈ గింజలు అమ్మడానికి వీల్లేదు.

ఈ నిబంధన సరైందే అని నేను మా వాళ్ళతోనే వాదించాను. తిండి పెట్టే పని మీద నిషేధం వస్తే సంతోషించేవాణ్ణి నిన్నే చూశాం అన్నారు. కానీ టైర్లు అరగడం ఆగదు గనక పని పోదు, గమ్యం మారుతుంది. తారురోడ్డులో కలపడానికీ, గచ్చు చాపలకీ, ఇంకా సన్నగా చేస్తే కొత్త టైర్లలోనే కొద్ది శాతం తిరిగి కలపడానికీ పొడి కావాలి. కష్టమంతా ఆ “ఇంకా సన్నగా”లో ఉంది. 30 మెష్ అంటే అర మిల్లీమీటరు పైచిలుకు, బొంబాయి రవ్వ లాంటిది. 80 మెష్ అంటే మిల్లీమీటరులో అయిదో వంతుకన్నా తక్కువ, మెత్తటి పిండి. అంత మెత్తగా పోవాలంటే మర ఎక్కువసేపు నలపాలి, వేడి పెరుగుతుంది, దుమ్ము పెరుగుతుంది, జల్లెడ త్వరగా మూసుకుంటుంది. రోలర్ల లోపల పారే చల్లనీళ్ళ వేగాన్ని కూడా ఇప్పుడు ప్రోగ్రాములోకి తెస్తున్నాం. ఈ శీతాకాలమంతా మా పని ఆ వేడిని కొలవడమే.